తాత పడసాల

కువైట్ వేసవి గురించి ముందుగా నాదొక చిన్న ఫిర్యాదు. ఎండ గురించి కాదు. ఎండ మీద ఫిర్యాదు చేసేవాళ్ళు నాకంటే ముందునుంచీ చాలామంది ఉన్నారు, వాళ్ళ వల్ల అది తగ్గిన దాఖలా లేదు. నాది నీళ్ళ గురించి. జూన్ మొదలు సెప్టెంబరు దాకా ఇక్కడ చన్నీళ్ళ కొళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు వస్తాయి, ఎందుకంటే మిద్దె మీది ట్యాంకు పగలంతా ఎండలో కాగుతుంది. చన్నీళ్ళు కావాలంటే గీజరు ఆపేసి, నీడపట్టున దాని పొట్టలో చల్లారిన నీళ్ళని వేన్నీళ్ళ కొళాయిలోంచి పట్టుకోవాలి. ఈ తలకిందుల శాస్త్రాన్ని కొత్తగా వచ్చినవాళ్ళకి బోధించడం మా గదిలో నా బాధ్యత. చరిత్రలో ఎం.ఏ. చదివినందుకు ముప్ఫై ఏళ్ళలో ఈ దేశం నాకిచ్చిన అధ్యాపక పదవి ఇదొక్కటే. మిగతా వేళల్లో నేనొక కంపెనీ గోడౌన్లో స్టోర్‌కీపర్ని.

ఈ ఆగస్టు మొదట్లో ఒక శుక్రవారం పొద్దున, గీజరు నీళ్ళు ముందు లేచినవాళ్ళకే అయిపోగా, బకెట్లో పట్టిన నీళ్ళు మనిషి ఒంటికి తగిన స్థితికి రావడం కోసం మహబూలాలోని మా గదిలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని ఉన్నాను. అప్పుడు ఇక్కడి మా తెలుగు సంఘం అధ్యక్షులవారు ఫోన్ చేశారు. పంద్రాగస్టు సభలో మరుగునపడిన దేశభక్తులను తలుచుకోబోతున్నారట, మా తాత పేరు ఎవరో చెప్పారట, నేను ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడాలట. అంతటితో ఆగితే బాగుండేది. ఊళ్ళో ఉన్న తాత ఇంటిని బాగుచేయించి స్మారక గ్రంథాలయం చేయాలని ఇక్కడి దాతలూ మా ఊరి సాహిత్యాభిమానులూ అనుకుంటున్నారని, ఆ ఇల్లు నా పేరునా మా అక్క పేరునా ఉంది కాబట్టి మేమిద్దరం సరేనంటే చాలని కూడా చెప్పారు. అక్కనడిగి చెబుతానన్నాను. ఆయన చాలా సంతోషం అన్నారు.

మా గదిలో జగిత్యాల నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ ఒకతను ఉన్నాడు. ఫోను మాటలన్నీ విన్నాడు, విననట్టు నటించే అలవాటు అతనికి లేదు.

"మీ తాత బాంబులేసిండా సారూ?"

"లేదయ్యా. పుస్తకం రాసినాడు."

"రాసుడేనా? గంతదానికే లోపలేసిండ్రా?"

"ఇంకోటి రాయకుండా."

బాంబే నయముండె గదా సారూ, అన్నాడు. మా వంశంలో ఈ అభిప్రాయం వెలిబుచ్చినవాళ్ళు ఇదివరకే ఉన్నారు.

తాతంటే మా నాయన తండ్రి. మద్రాసులో బి.ఏ. చదివి మా జిల్లాలో ఒక హైస్కూల్లో చరిత్ర పంతులుగా చేరాడు. ఆయన చెప్పవలసిన పాఠ్యపుస్తకం ఒక దొర రాసింది. కుంఫిణీ రాకముందు మా సీమలో కరువూ దోపిడీ తప్ప మరేమీ లేవని, వాళ్ళొచ్చాక దోపిడీ పోయిందని అందులో ఉండేది. కరువు ఏమైందో దొర చెప్పలేదు. తాత ఆ పాఠాన్ని కొన్నేళ్ళు బుద్ధిగానే చెప్పాడు. ఒక ఎండాకాలం ఏదో పెళ్ళికి పోయి వస్తూ, ఒక చెరువుకట్ట మీద చాకలివాళ్ళు బట్టలు ఉతుకుతున్న బండ మీద అక్షరాలు చూశాడు. కట్ట తెగితే ఏ ఊరివాళ్ళు ఎన్ని బండ్ల మట్టి తోలాలో, తోలనివాడికి ఏ శిక్షో ఆ బండ మీద చెక్కి ఉంది. ఉతుకులు ఆగేదాకా అక్కడే నిలబడి, బండ ఖాళీ అయ్యాక చదివాడట. ఆ పూట నుంచి ఆయన ఇంటికి దక్కలేదని మా అవ్వ చెప్పేది.

ఇప్పుడు ఫోనెత్తి ఫొటో తీసేస్తాం గానీ, ఆ రోజుల్లో శాసనాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఒక కాపురం లాంటి పని. రాయిని కడగాలి, తడిపిన కాగితాన్ని దాని మీద పరవాలి, గట్టి కుంచెతో కొడుతూ కొడుతూ కాగితం అక్షరాల గుంతల్లోకి దిగేదాకా ఓపిక పట్టాలి, అది ఆరీ ఆరకముందు మసిలో ముంచిన గుడ్డ ఉండతో పైపైన అద్దాలి. రాయి నల్లగా, అక్షరం తెల్లగా పడుతుంది. ఆ మసి మా అవ్వ వంటింటి దీపాలదే. శనివారం బడి వదలగానే కాగితం చుట్ట, మసిడబ్బా సంచిలో వేసుకుని ఊళ్ళు పట్టుకుపోయేవాడు. పాడుబడిన గుళ్ళ దగ్గర రాళ్ళు తడుముతుంటే ఊళ్ళవాళ్ళు గుప్తనిధులు తవ్వేవాడనుకునేవారు, పోలీసులూ అదే అనుకునేవారు. ఆయన చేస్తున్నదేమిటో తెలిశాక ఊళ్ళవాళ్ళకి ఆసక్తి పోయింది, పోలీసులకి మొదలైంది.

అలా పోగుచేసిన నకళ్ళన్నీ ఆయన పడసాలలో దండేలకు వేలాడదీసేవాడు. పడసాలంటే వీధి వాకిలి దాటగానే వచ్చే ముందుగది. మా ఇల్లు ఆ పడసాలా, దాని వెనక వంటిల్లూ, అంతే. ఆ నల్లటి కాగితాల కింద కూర్చుని తాత మా సీమ చరిత్రను తెలుగులో రాసి అచ్చువేశాడు. పుస్తకంలో రాజులున్నంతసేపు ప్రభుత్వానికి అభ్యంతరం లేకపోయింది. ఒకే ఒక్క అధ్యాయంలో చెరువుల సంగతి రాశాడు: ఏ చెరువు ఎన్ని వందల ఏళ్ళు నిలిచింది, ఎవరి పాలనలో ఎవరూ పట్టించుకోక తెగిపోయింది, ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏం జరిగింది. కలెక్టరు ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. అందులో రాసింది అబద్ధమని వాళ్ళు అనలేదు, మా ప్రాంతంలో దాన్ని నిరూపించడానికి ఎండిన చెరువులు కొల్లలుగా ఉన్నాయి. స్వరం బాగాలేదన్నారు. ఆ అధ్యాయం తీసేసి, రెండు వాక్యాల క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఉంటుందన్నారు. రెండు వాక్యాలు. జీవితమంతా పెద్ద పెద్ద వాక్యాలు రాసిన మనిషికి ఆ రెండూ చేత కాలేదు.

ఉద్యోగం పోయింది. పోలీసులు వచ్చి అమ్ముడుపోని పుస్తకాలన్నీ, అంటే దాదాపు అన్నీ, ఎద్దులబండికి ఎత్తారు. వాటిని మూటలు కట్టడానికి ఇంట్లో ఉన్న గోతాలు వాడారు. మా అవ్వ వాకిట్లోకి వచ్చి జవానుతో, పుస్తకాలు కొండబోతే కొండబో నాయనా, గోతాలు మాత్రం ఇచ్చిపో అందట. దేశోద్యమంలో ఆమె పలికిన మాట అదొక్కటే. గోతాలు ఇవ్వలేదు. తర్వాత తాతనూ తీసుకుపోయారు, కొన్నాళ్ళు జైల్లో పెట్టారు. తిరిగి వచ్చేసరికి ఉన్న కాస్త పొలమూ అచ్చాపీసు బాకీల కింద పోయింది.

స్వరాజ్యం వచ్చాక పరిస్థితి చక్కబడి ఉండాల్సింది. రాజకీయ బాధితులకు పింఛనూ భూమీ ఇస్తామన్నారు, దరఖాస్తు పెట్టుకోమన్నారు. నేను చరిత్ర రాశాను, బాధితుణ్ణి కాను అని తాత పెట్టుకోలేదు. పైగా కొత్త ప్రభుత్వం వేసిన పాఠ్యపుస్తకంలోనూ తప్పులు కనిపెట్టి పత్రికలకు రాశాడు. అంతకుముందు ఒక ప్రభుత్వానికే కానివాడు, ఇప్పుడు రెండింటికీ సమానంగా కానివాడయ్యాడు. నేను కాలేజీలో చరిత్ర చదివేటప్పుడు మా మేష్టర్లు ఆయన పుస్తకాన్ని కొంచెం జాలిగా తలుచుకునేవారు. పాత రోజుల్ని మరీ బంగారం చేశాడనేవారు. అది నిజమే. రాయి మీద పేరు చెక్కించుకునేది దానం ఇచ్చినవాడు; ఆ దానం కోసం ఎవరి మడి పోయిందో వాడు రాయి చెక్కించడు. తాత చదివినవన్నీ రాళ్ళే. అయినా ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఎండలో రాళ్ళు తడిమి చూసిన మనిషి ఆయన, నేను లైబ్రరీలో ఫ్యాను కింద చదివినవాణ్ణి.

ఆఖరి పన్నెండేళ్ళు తాతకు చూపు మందగించింది. ప్రభుత్వం పట్టుకుపోయిన పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచి, ఇంకా పెద్దదిగా రాయాలని పట్టుబట్టాడు. రాసేదెవరు? మా నాయన ముగ్గురాయి గనుల్లో గుమాస్తా, తెల్లారకముందే పోయేవాడు. నేను బలపం పట్టని వయసు. అక్క ఐదో తరగతి. అందరికంటే గుండ్రంగా రాసేది. ఆ ఏడు అక్కను బడి మాన్పించారు. ఎవరూ కూర్చుని నిర్ణయించినట్టు లేదు, పుస్తకాలు తెచ్చి మూలన పెట్టారు, అంతే. తాత మంచం మీద పడుకుని చెప్పేవాడు, అక్క పడసాలలో బాసింపట్టు వేసుకుని రాసేది. చెరువుల అధ్యాయం అయిపోగానే ఇంగ్లీషు నేర్పిస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఆ అధ్యాయం ఆమె పెళ్ళయ్యేదాకా అయిపోలేదు, ఆ తర్వాత తాతే అయిపోయాడు. నేను మాత్రం బడికి పోయాను, కాలేజీకి పోయాను, చరిత్రే తీసుకున్నాను. మనవడు తన దారిన నడిచాడని అందరూ మెచ్చుకున్నారు. అక్క మొగుడు బొంబాయికి పోతున్నానని పోయి, పోవడం విషయంలో మాట నిలబెట్టుకున్నాడు. పిల్లల్లేరు. ఇంటి పనికత్తెలకిచ్చే ఖాదిమా వీసా మీద మా ప్రాంతం ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా కువైట్‌కు వస్తున్న రోజుల్లో ఆమె కూడా విమానం ఎక్కింది. కొన్నేళ్ళకి తన వీసాకు పూచీపడ్డ ఇంటి యజమానిని, అంటే వాళ్ళ కఫీల్‌ను బతిమాలి నాకూ వీసా తీయించింది. డిగ్రీలున్నవాణ్ణి ఐదో తరగతి తీసుకొచ్చిందని మా గదిలో నేనే నవ్వుతూ చెబుతుంటాను. నవ్వుతూ చెప్పకపోతే చెప్పడం కష్టం.

ఎగైలాలోని ఆ ఒక్క ఇంట్లోనే అక్క ఇన్నేళ్ళూ ఉండిపోయింది. మామా అని తాను పిలిచే ఆ ఇంటావిడ బిడ్డలు నలుగుర్నీ పెంచింది, వాళ్ళ బిడ్డల్నీ ఎత్తుకుంది. మామాకూ ఆమెకూ దాదాపు ఒకే ఈడు, ఇద్దరికీ ఒకే మోకాళ్ళ నొప్పి. ఆఖర్లో ఎవరు ఎవర్ని పట్టుకుని నడుస్తున్నారో తెలిసేది కాదు. ఈ ఎండాకాలం మొదట్లో మామా పోయింది. బిడ్డలు చెడ్డవాళ్ళు కారు, అక్కను కావలించుకుని ఏడ్చారు కూడా. కానీ ఇల్లు అమ్మి ఎవరి ఫ్లాటుకు వాళ్ళు పోతున్నారు, అక్కడ వాళ్ళకి పడుచు పనివాళ్ళున్నారు. డెబ్భై దగ్గరపడుతున్న మనిషికి ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఎవరు కొత్తగా కొట్టిస్తారు? ఆగస్టు ఆఖరుకు ఖలాస్. టికెట్టు ఇస్తామన్నారు, బంగారు గాజులు రెండు ఇచ్చారు.

నేను చేయగలిగిందంతా చేశాను అని చెప్పడం మర్యాదకు బాగుంటుంది. మామా పెద్దకొడుకు దగ్గరికి పోయి ఇంకో ఏడాది ఇఖామా నీ పేరు మీద వేయించుకో నాయనా అని అడిగాను. అతను టీ ఇచ్చాడు. నా వీసా మీద ఉంచుకుందామంటే నాదే ఏటేటా కంపెనీ దయ మీద సాగుతోంది. కడపలో నా భార్య మా కూతురి అద్దె వాటాలో ఉంటుంది, అక్కడ నేను పోయినా అతిథినే. మదనపల్లె వైపు ఎవరో వృద్ధాశ్రమం నడుపుతున్నారంటే ఫోన్ చేశాను. మంచం పట్టనివాళ్ళనే తీసుకుంటారట, పట్టాక పంపేస్తారట. ఇక మిగిలింది తాత ఇల్లు. పోయిన వానలకి దాని వంటిల్లు కూలింది. నిలబడి ఉన్నది పడసాల ఒక్కటే.

అధ్యక్షులవారి ఫోన్ వచ్చిన ఆ మధ్యాహ్నమే అక్కకు చేశాను. నేను స్మారకం సంగతి ఎత్తేలోపల ఆమే ఎత్తుకుంది.

"ఒరే అబ్బోడా, పడసాల్లో ఒక మూల కుర్చీ బాత్రూం కట్టించు. నాకు మోకాళ్ళు వంగల్యా. ఇంగో మూల పొయ్యి పెట్టుకుంటా. నాకు సాలు."

అప్పుడు కూడా చెప్పాను, నిజానికి. తాత గురించి సభ పెడుతున్నారక్కా, ఇల్లు కూడా అడుగుతున్నారు అన్నాను. ఆమె నవ్వి, "అడిగేవాళ్ళు అడుగుతార్లే, ఇల్లు మనది గదా" అంది. ఆమెకు అనుమానం రాలేదు. అడగడం వేరు, ఇవ్వడం వేరు అన్న సాధారణ జ్ఞానం ఆమెకు ఉంది. వేదికల మీద ఆ రెండింటి మధ్యా ఏమీ ఉండదన్న సంగతి ఆమెకు తెలియదు, ఎందుకంటే ఆమెనెవరూ వేదిక ఎక్కించలేదు.

సభ రిగ్గైలోని ఒక హాల్లో జరిగింది. అక్కను ఎగైలా ఇంటి డ్రైవరు దించి పోయాడు. నల్ల అబాయా తీసేసి, ఎప్పుడో దాచుకున్న ఆకుపచ్చ పట్టుచీర సర్దుకుని, మా ఊరి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళతో ఆఖరి వరసలో కూర్చుంది. నేను బాగానే మాట్లాడాను. గోతాల దగ్గర నవ్వారు. రెండు వాక్యాల క్షమాపణ దగ్గర లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. చివర్లో చెప్పాలని ఒక మాట సిద్ధం చేసుకున్నాను: ఇల్లు ప్రస్తుతానికి ఇవ్వలేమని, తాత చరిత్ర రాయించుకున్న చెయ్యి ఇంకా ఉందని, దానికి నీడ కావాలని, తాత నకళ్ళు తీసుకెళ్ళి ఏ కాలేజీలోనైనా పెట్టుకోండని. అది చెప్పడానికి మైకు దగ్గరికి ఇంకొంచెం వంగాను. ఆ వంగడాన్ని అధ్యక్షులవారు ముగింపు నమస్కారంగా తీసుకున్నారు కాబోలు, వెనకనుంచి శాలువా పడింది.

మన సభల సంగతి మీకు తెలుసు. శాలువా భుజాల మీద పడ్డాక మనిషి చేతులు జోడించుకుని ఫొటోగ్రాఫరు వైపు తిరగాలి, అంతవరకే అతని పాత్ర. మైకు అప్పటికే చేతులు మారింది. ఆ మహనీయుడి మనవడు, మనవరాలు తమ పూర్వీకుల గృహాన్ని జాతికి అంకితం చేస్తున్నారని అధ్యక్షులవారు ప్రకటించారు. పడసాలంతా అద్దాల బీరువాలతో ప్రదర్శనశాల అవుతుందన్నారు. దాతలు ఒక్కొక్కరే లేచి చేతులెత్తారు. శాలువా కప్పించుకున్నవాడు కాదనడం నేను ఈ అరవై ఐదేళ్ళలో చూడలేదు. చూసి ఉంటే ఎలా చేస్తారో తెలిసేది. నోరు తెరిచాను, ఫ్లాష్ వెలిగింది, ఆ ఫొటోలో నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ఆఖరి వరసలో అక్క కూడా చప్పట్లు కొడుతోంది. అందరూ కొడుతున్నారు కదా.

తాత కాలానికీ మన కాలానికీ తేడా ఏమిటని ఆ తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఆయనకి కాదనడానికి ఎదురుగా ఒక ప్రభుత్వం ఉండేది. తాఖీదు పంపేది, జవాబుకు గడువిచ్చేది, నువ్వేమంటావని అడిగేది. కాదన్న మాట చెల్లేది, దాని ఖరీదు ఎంతైనా. ఆ ఖరీదు కట్టింది ఆయనొక్కడే కాదనుకోండి. ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళే, మంచివాళ్ళే, మా తాతను నాకంటే ఎక్కువ గౌరవిస్తున్నవాళ్ళే. దొరకి ఎదురు నిలబడిన రక్తం నాలో ఉందని ఆ సాయంత్రం ఎంతమందో వచ్చి నా చెయ్యి పట్టుకుని చెప్పారు. ఉందేమో. చెయ్యి మాత్రం వాళ్ళ చేతుల్లో మెత్తగా ఉండిపోయింది.

హాలు బయట, డ్రైవరు వచ్చేదాకా, బిర్యానీ పొట్లాలు పట్టుకుని గోడవారన నిలబడ్డాం. ఇంకా వేడిగాలి కొడుతోంది. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాను, అది జారిపోతోంది. అక్క అబాయా మళ్ళీ వేసుకుని, గోడకు చెయ్యానించి, ఒక కాలి మీద బరువు మార్చుకుంది.

"పడసాలంతా తీసుకుంటారంట్రా?"

"అవునక్కా."

"నీ నోటితో నువ్వు ఇస్తానన్న్యావా?"

"అనలేదు. కాదని కూడా అనల్యా."

రోడ్డు మీద బస్సు ఒకటి ఆగి, జనాన్ని దించి పోయింది. నాకు తోచిన మాట ఒక్కటే. ఎన్నాళ్ళకో తాతను నలుగురూ తలుచుకున్నారక్కా, ఆ ఇంటితో ఆయన పేరు నిలబడుతుంది అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. కోపంగా లేదు. ఎగైలాలో అన్నం తిననని మొండికేసే పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"సచ్చిపోయినోనికి ఇల్లేమిటికిరా? బతికుండేది నేను గదా."